ఈదురుగాలి హెచ్చరిక వచ్చింది: పాలీహౌస్, షేడ్‌నెట్, అరటి – ముందు రోజు ఏం చేయాలి?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. శింగనమల వైపు అర ఎకరం పాలీహౌస్‌లో (పైపుల చట్రం మీద పాలిథిన్ షీటు కప్పిన కట్టడం) క్యాప్సికం, పక్కనే పది సెంట్ల షేడ్‌నెట్ (నీడ వల) కింద టమాటా, మిరప నారు, బయట రెండెకరాల అరటి గెలల మీద ఉంది. ఎల్లుండి సాయంత్రం గంటకు 50 నుంచి 60 కిలోమీటర్ల వేగంతో ఈదురుగాలులు, ఉరుములతో వర్షం అని హెచ్చరిక వచ్చింది. పాలీహౌస్ పక్క కర్టెన్లు (పైకి కిందికి చుట్టే పక్కషీట్లు) తెరిచి గాలిని పోనివ్వాలా, మూసేయాలా? నారు ట్రేలు ఎక్కడ పెట్టాలి? అరటికి నీళ్లు ఇవ్వాలా? గాలి అడ్డు చెట్లు వేయాలా? ఇవీ మీరు అడిగినవి.

ముందు జవాబు, తర్వాత కారణాలు. పాలీహౌస్‌ను పూర్తిగా మూయండి. షేడ్‌నెట్ పైకప్పును పూర్తిగా విప్పండి. అరటికి రేపు ఉదయమే నీళ్లిచ్చి, ఎల్లుండి డ్రిప్పు ఆపేయండి. సగం మూసి సగం తెరిచి ఉంచే పద్ధతి మాత్రం దేనికీ పెట్టుకోవద్దు. ఇరవై రెండేళ్లుగా అనంతపురం, కడప జిల్లాల్లో ఈ కట్టడాలు నిలబెడుతున్నాను, గాలికి పడిపోయినవాటిని విప్పి మళ్లీ కడుతున్నాను. నేను చూసిన నష్టాల్లో ఎక్కువ భాగం ఒక్క సందు దగ్గర మొదలైనవే: గొళ్లెం సరిగా పడని తలుపు, షీటును పట్టి ఉంచే స్ప్రింగు ఒక మూల ఊడటం, సగంలో ఇరుక్కుపోయిన కర్టెన్.

దీని వెనుక ఉన్న లెక్క తెలిస్తే ఏ పని ముందు చేయాలో మీకే అర్థమవుతుంది. గాలి వేగం రెట్టింపైతే దాని బలం నాలుగు రెట్లవుతుంది. గంటకు 30 కిలోమీటర్ల గాలి ఎదురుగా ఉన్న గోడ మీద చదరపు మీటరుకు సుమారు 4 కిలోల బరువుతో ఒత్తుతుంది. అదే 60 అయితే 17 కిలోలు, 80 అయితే 30 కిలోలు. మీ పాలీహౌస్ పక్కగోడ 50 మీటర్ల పొడవు, 4 మీటర్ల ఎత్తు అనుకుందాం. 60 కిలోమీటర్ల గాలికి ఆ ఒక్క గోడ మీదే మూడు టన్నులకు పైగా పడుతుంది. అయినా గోడ వైపు నుంచి కూలిన పాలీహౌస్‌లను నేను తక్కువే చూశాను. ఎక్కువగా జరిగేది కప్పు లేచిపోవడం. వంపు తిరిగిన కప్పు మీదుగా గాలి దూసుకుపోయేటప్పుడు పైన ఒత్తిడి తగ్గి, షీటును పైకి లాగుతుంది. అదే సమయంలో గాలి కొట్టే వైపు కర్టెన్ తెరిచి ఉంటే లోపల నిండిన గాలి కింద నుంచి తోస్తుంది. పైన లాగుడు, కింద తోపుడు కలిస్తే ఎదురుగాలికి పట్టుకున్న గొడుగు తిరగబడినట్టే అవుతుంది. గాలిని పోనిద్దామని కర్టెన్ తెరవాలనుకున్న మీ ఆలోచన సహజమే, చాలామంది అలాగే అనుకుంటారు. కానీ లోపలికి వచ్చిన గాలికి అంతే పెద్ద దారి అవతల వైపు లేనప్పుడు, ఉన్నా మధ్యలో ఆరడుగుల క్యాప్సికం వరసలు అడ్డం ఉన్నప్పుడు, ఆ గాలి వెతుక్కునే దారి కప్పే.

మన సీమకు వచ్చే గాలులన్నీ ఒక రకం కావు. ఆషాఢం గాలి రోజుల తరబడి పడమటి దిక్కు నుంచి నిలకడగా వీస్తుంది. రామగిరి కొండల మీద గాలిమరలు నిలబెట్టింది ఆ నిలకడ చూసే. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వచ్చే తుపాన్లు కోస్తాలో తీరం దాటి, మన దగ్గరికి చేరేసరికి చాలావరకు వాయుగుండంగా బలహీనపడతాయి. వాటి గాలి కంటే వాటి వాన, నానిన నేల మనకు ఎక్కువ చేటు. మీకు ఇప్పుడు వస్తున్నది మూడో రకం, వేసవి ఉరుముల గాలి. పగలంతా కాలిన నేల మీద మబ్బు నిలువుగా పెరుగుతుంది. దాని నుంచి పడే వాన, కింద ఉన్న పొడిగాలిలో ఆవిరై ఆ గాలిని చల్లబరుస్తుంది. చల్లబడి బరువెక్కిన గాలి ఒక్కసారిగా కిందికి దిగి, నేలను తాకి నలువైపులా పరుచుకుంటుంది. అందుకే వాన చినుకు కంటే ముందు ఎర్రదుమ్ము, చల్లగాలి వస్తాయి. మబ్బు ఏ పక్కన ఉంటే ఆ పక్క నుంచి కొడుతుంది కాబట్టి దిక్కు ముందుగా చెప్పలేం. పాలీహౌస్‌లను పడమటి గాలిని దృష్టిలో పెట్టుకొని, కప్పు మీద వేడిగాలి బయటికి పోయే గవాక్షం తూర్పుకు ఉండేలా కడతాం. ఉరుముల గాలి తూర్పు నుంచీ రావచ్చు, ఉత్తరం నుంచీ రావచ్చు. కాబట్టి నాలుగు వైపులా ఒకే శ్రద్ధతో చూసుకోవాలి.

ఇప్పుడు పాలీహౌస్ పని. రేపు తెల్లవారగానే ఒక మనిషిని వెంటబెట్టుకొని బయట చుట్టూ ఒకసారి, లోపల ఒకసారి నడవండి. మొదట చూడవలసింది తలుపు. దానికి ఉన్న చిన్న గొళ్లెం మీద ఆధారపడవద్దు. బైండింగ్ వైరుతో చట్రానికి రెండు చోట్ల బిగించి, లోపల నుంచి ఒక సరుగుడు కర్ర అడ్డంగా కట్టండి. తర్వాత షీటు అంచును బిగించే ప్రొఫైల్ పట్టీ గాడిలో ఉన్న స్ప్రింగులు. వేలితో తడుముతూ పోతే ఎక్కడ పైకి లేచిందో తెలుస్తుంది. తుప్పు పట్టిన ముక్కలను తీసేసి కొత్తవి వేయండి. మూలల దగ్గర, కర్టెన్ మొదలయ్యే దగ్గర ఒకదాని మీద ఒకటిగా రెండు స్ప్రింగులు వేయిస్తే మంచిది. నా దగ్గర కట్టించుకున్నవారందరికీ గట్టర్ (కప్పు అంచున వాననీరు పోయే తొట్టి) పక్కన కూడా అలాగే వేయిస్తాను. షీటుకు చిన్న చిరుగు కనిపించినా అతికే టేపు రెండు వైపులా వేయండి. రెండంగుళాల చిరుగు ఆ గాలికి నిమిషాల్లో ఇరవై అడుగులు సాగుతుంది.

షీటు వదులుగా ఉంటే బిగించాలి. దీనికి ఒక వేళ ఉంది. పాలిథిన్ ఎండకు సాగుతుంది, చలికి ముడుచుకుంటుంది. తెల్లవారుజామున చల్లగా ఉన్నప్పుడు బిగుతుగా కనిపించిన షీటు, నలభై డిగ్రీల ఎండ తగిలాక వదులై టపటపా కొట్టుకుంటుంది. ఈదురుగాలి వచ్చేది సరిగ్గా ఆ ఎండ తర్వాతే. నడిమధ్యాహ్నం లాగి బిగిస్తే రాత్రి చల్లబడ్డాక స్ప్రింగు దగ్గర చిరుగుతుంది. కాబట్టి ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య, గాలి లేనప్పుడు బిగించండి. షీటుకు మూడేళ్లు దాటి, చేత్తో మడిస్తే తెల్లటి గీత పడుతుంటే అది ఈ గాలికి నిలుస్తుందన్న ఆశ పెట్టుకోవద్దు. దాని గురించి కింద వేరే చెబుతాను.

ఇక అందరూ వదిలేసేది, నేను ఎక్కువ పట్టుబట్టేది పునాది. కప్పును పైకి లాగే బలమంతా చివరికి చేరేది నేలలో పాతిన పైపు దగ్గరికే. పద్నాలుగేళ్ల క్రితం మా సొంత షేడ్‌నెట్ కట్టిన గుత్తేదారు పునాది పైపులను రెండడుగులు కూడా దించకుండా, చుట్టూ పైపైన కాంక్రీటు పోసి వెళ్లిపోయాడు. నేను దగ్గర లేను. తర్వాతి వేసవిలో ఒక సాయంత్రం పదకొండు స్తంభాలు కాంక్రీటు ముద్దలతో సహా పళ్లు ఊడినట్టు ఊడి వచ్చాయి. ఆ ముద్దలు ఒక్కోటి బకెట్టంత కూడా లేవు. అప్పటి నుంచి ఏ కట్టడం చూసినా మూల స్తంభం పక్కన ఒక అడుగు తవ్వి చూడనిదే నా మాట చెప్పను. మీరూ నాలుగు మూలలా తవ్వి చూడండి. నేల, గాలి కలిసే చోట జింకు పూత ఉన్న జీఐ పైపు ముందుగా తుప్పు పడుతుంది. పైన వెండిలా మెరిసే పైపు అక్కడ కాగితంలా పలచబడి ఉండవచ్చు.

ఒక్క రోజులో పునాది మార్చలేరు. కానీ మూలలకు, గాలి ఎక్కువగా తగిలే చివరి వరస స్తంభాలకు లంగరు తాళ్లు వేయవచ్చు. స్తంభం పై భాగం నుంచి బయటికి 45 డిగ్రీల వాలులో మోకు గాని, మెలితిప్పిన జీఐ తీగ గాని లాగి నేలకు కట్టండి. మేకును కట్టడానికి వ్యతిరేక దిశకు వంచి కొట్టాలి, నిటారుగా కొడితే తాడు దాన్ని లాగేస్తుంది. మీ వైపు ఎర్ర గరుసు నేల కాబట్టి మూడడుగుల ఇనుప మేకు గట్టిగానే పట్టుకుంటుంది. తాడిపత్రి, కర్నూలు వైపు నల్లరేగడిలో ఈ మాట చెల్లదు. వేసవిలో ఆ నేల అరచేయి పట్టేంత నెర్రెలు విచ్చి ఉంటుంది, మేకు వెన్నలో దిగినట్టు దిగి అలాగే బయటికి వస్తుంది. అక్కడివారు మూడడుగుల గొయ్యి తీసి, తీగ కట్టిన బండనో దుంగనో అడ్డంగా పాతి, మన్ను వేసి దిమ్మిస చేయాలి. మనకు బండలకు కరువు లేదు. పక్కషీటు కింది అంచును మట్టిలో కప్పిన చోట కడప బండలను వరసగా పరచండి. రెండడుగుల చదరం, అంగుళం మందం ఉన్న బండ ఇరవై కిలోల పైనే తూగుతుంది. ఆ బండలను కప్పు మీద మాత్రం పెట్టవద్దు. గాలికి జారితే కింద ఉన్న మనిషికి ప్రాణాపాయం.

మూయమన్నానని ఎల్లుండి ఉదయం నుంచే మూసిపెట్టకండి. ఈ ఎండల్లో మూసిన పాలీహౌస్ రెండు మూడు గంటల్లో పొయ్యిలా కాగి క్యాప్సికం పూత, పిందె రాలిపోతాయి. కర్టెన్ తిప్పే చేతి గేరు రేపే నూనె వేసి, పైకి కిందికి పూర్తిగా తిప్పి చూడండి. అర ఎకరం చుట్టూ మూయడానికి మీకు ఎంతసేపు పడుతుందో గడియారం పెట్టి లెక్కించండి. వాతావరణ శాఖ జిల్లాలవారీగా మూడు గంటల ముందు ఇచ్చే తక్షణ హెచ్చరికను మధ్యాహ్నం నుంచి చూస్తూ ఉండండి. దామిని యాప్‌లో మీ పొలానికి 20 నుంచి 40 కిలోమీటర్ల పరిధిలో పిడుగులు పడుతున్నట్టు కనిపిస్తే మూయడం మొదలుపెట్టండి. మూసే ముందు, సన్నటి నీటి తుంపర చల్లే ఫాగర్లు కొద్ది నిమిషాలు నడిపితే లోపలి వేడి దిగుతుంది. గాలి తగ్గిన వెంటనే తెరవాలి. మీది గాలి సహజంగా ఆడే రకమైతే కప్పు మీద నెట్టు ఉన్న గవాక్షాన్ని మూసే వీలు ఉండదు. దాని గురించి దిగులు పడవద్దు, లోపల చేరిన కొద్దిపాటి గాలి అటు నుంచి పోతుంది. గవాక్షానికి కూడా కర్టెన్ ఉంటే మూసేయండి. ఫ్యాన్లు, తడి ప్యాడ్లు ఉన్న రకమైతే, కరెంటు ఉన్నంతసేపు అన్ని వైపులా మూసి ఒకటి రెండు ఫ్యాన్లు నడపండి. లోపలి గాలి బయటికి పోయి షీటు చట్రానికి అతుక్కుంటుంది, కొట్టుకోదు.

పాత షీటు సంగతి. గాలి మీరనుకున్నదానికంటే బాగా ఎక్కువ వస్తుందని సూచన మారితే, లేదా షీటు సగం చిరిగి తెరచాపలా గాలిని పట్టి చట్రాన్ని లాగుతుంటే, షీటును కోసి వదిలేయడమే సరైన పని. చట్రం ఖర్చు ముందు షీటు ఖర్చు చిన్నది. చట్రం వంగితే పైపులన్నీ మార్చాలి. ఈ నిర్ణయం గాలి రాకముందే తీసుకోవాలి. పొడవాటి కర్రకు కొడవలి కట్టి సిద్ధంగా ఉంచుకోండి, నేల మీద నిలబడి అందినంత కోయండి. గాలి మొదలయ్యాక నిచ్చెన ఎక్కడం, గట్టర్ మీద నడవడం ఎవరూ చేయకూడదు. కూలికి వచ్చినవారిని అసలే ఎక్కించకూడదు.

షేడ్‌నెట్‌కు ఇదే సూత్రం తిరగేసి పనిచేస్తుంది. యాభై శాతం నీడనిచ్చే నెట్టు రంధ్రాల నుంచి గాలి పోతుందని మనం ధీమాగా ఉంటాం. కానీ దుమ్ము పట్టి, పైన వాన తడి చేరితే ఆ రంధ్రాలు మూసుకుపోయినట్టే. చదునైన కప్పు మీద వడగళ్లు కూడా పడితే బరువుకు తీగలు కుంగుతాయి. నెట్టును పక్కకు లాగి మూసే ఏర్పాటు ఉంటే, తీగలకు కట్టిన ముడులు విప్పి, ఒక పక్కకు చుట్టి, ప్రతి రెండడుగులకు ఒక కట్టు వేయండి. చుట్టిన నెట్టు వదులుగా ఉంటే అదే జెండాలా కొట్టుకుని స్తంభాన్ని ఊపుతుంది. ప్రొఫైల్లో బిగించిన నెట్టు విప్పడానికి సమయం చాలకపోతే, దాన్ని అలాగే ఉంచి పాలీహౌస్‌కు చెప్పినట్టు స్ప్రింగులు, లంగరు తాళ్లు చూసుకోండి.

నారు ట్రేలను బల్లల మీద నుంచి నేలకు దించండి. అన్నింటినీ మధ్యలోకి చేర్చి, ఒకదానికొకటి ఆనించి పరిస్తే గాలికి లేవవు. వాటి మీద అడుగున్నర ఎత్తులో వెదురు బద్దలు వంచి, విడి నెట్టు ముక్క కప్పి, అంచుల మీద మట్టి పోయండి. కప్పు విప్పిన తర్వాతి ఎండకు కూడా ఇదే నీడ. నాటడానికి సిద్ధంగా ఉన్న నారుకు నాలుగు రోజులుగా నీళ్లు కాస్త తగ్గించి ఎండకు అలవాటు చేసి ఉంటే కాండం గట్టిపడి తట్టుకుంటుంది. పాలిపోయి, పొడుగ్గా సాగిన నారు పడుకుంటుంది. అలాంటి ట్రేలు ఉంటే ఒక రాత్రికి మోటారు గదిలోనో, ఇంటి వరండాలోనో పెట్టండి. పాలీహౌస్‌లో మాత్రం పెట్టవద్దు, పోతే రెండూ ఒకేసారి పోతాయి.

అరటి గురించి రాయడమంటే నాకు బాధ కలుగుతుంది. పులివెందుల, నార్పల, పుట్లూరు వైపు వేసవి గాలికి ఒక్క సాయంత్రంలో ఏడాది కష్టం నేలకు ఒరగడం ఎన్నోసార్లు కళ్లారా చూశాను. అరటి కాండం నిజానికి ఆకు డొప్పల చుట్టే, లోపల కట్టె లేదు. వేళ్లు చాలావరకు పై అడుగులోనే ఉంటాయి. అలాంటి చెట్టుకు ఒక పక్క పాతిక, ముప్పై కిలోల గెల వేలాడుతుంది. అందుకే నేల తడిగా ఉంటే వేళ్లతో సహా లేస్తుంది, పొడిగా ఉంటే నడుము దగ్గర విరుగుతుంది. రేపు ఉదయం నీళ్లివ్వమన్నది చెట్టు ఎండకు వడలకుండా, ఎల్లుండి ఆపమన్నది నేల మెత్తబడకుండా.

ఆరడుగుల ఎడంలో నాటి ఉంటే రెండెకరాల్లో మీకు 2,400 చెట్లు ఉంటాయి. అన్నింటికీ ఒక్క రోజులో ఊతం ఇవ్వలేరు. ముందు తోట బయటి మూడు నాలుగు వరసలు, అందులోనూ పక్కన ఖాళీ చేను ఉన్న వైపు. బయటి వరసలు నిలిస్తే లోపలివాటికి గాలి తగ్గుతుంది. తర్వాత బరువెక్కిన గెలలు. ఊతకర్రను గెల వంగిన వైపే, గెల మెడ కింద ఆనేలా, కాయలకు తగలకుండా పెట్టాలి. ఒంటి కర్ర కంటే కత్తెరలా కట్టిన రెండు కర్రలు మేలు. సరుగుడు కర్రలు దొరకకపోతే ప్లాస్టిక్ పట్టీతో గెల మెడ దగ్గర కట్టి, గెలకు వెనక వైపు ఉన్న చెట్టు మొదలుకు లాగి ముడి వేయండి. పక్క చెట్టు తలకు కడితే రెండూ కలిసి పడతాయి. ఎండి వేలాడే ఆకులు కోసేయండి, పచ్చి ఆకులు ముట్టుకోవద్దు. గాలికి ఆకు చీలికలు కావడం చూసి కొందరు భయపడతారు, ఆ చీలడమే చెట్టు మీద గాలి ఒత్తిడి తగ్గిస్తుంది. కోతకు వారం పది రోజుల్లో వచ్చే గెలలుంటే ధర కాస్త తక్కువైనా రేపే కోయించండి. బొప్పాయి, టమాటా ఉన్నవారికీ ఇదే మాట.

స్టార్టర్ దగ్గర మోటారు కరెంటు ఆపి, తీగల కింద ఎవరూ లేకుండా చూసి, గాలి మొదలవగానే ఇంటికి వెళ్లిపోండి. పాలీహౌస్ ఇనుప చట్రం, ఒంటరి వేపచెట్టు, రేకుల పాక, వీటిలో ఏదీ పిడుగు వేళ ఆశ్రయం కాదు.

మర్నాడు ఉదయం ముందు ఫోటోలు, తర్వాత పనులు. ఈ రోజే తోట, కట్టడం బాగున్నప్పటి ఫోటోలు తీసి ఉంచుకోండి. ప్రభుత్వ పంట నమోదు అయిన ఈ-పంటలో మీ అరటి నమోదై ఉందో లేదో రైతు సేవా కేంద్రంలో చూసుకోండి. పంట నష్టం 33 శాతం, ఆపైన ఉంటేనే పెట్టుబడి రాయితీ లెక్కలోకి వస్తుంది, కాబట్టి పడిన చెట్లను లెక్కించకముందే తొలగించకండి. గెల వేయని చెట్టు వాలితే ఒకటి రెండు రోజుల్లో లేపి మొదలుకు మట్టి ఎగదోయవచ్చు. గెలతో విరిగినదాన్ని కోసి, ఒక బలమైన పిలకను మాత్రం ఉంచండి. క్యాప్సికంలో విరిగిన కొమ్మలను శుభ్రంగా కత్తిరించి, లీటరు నీటికి మూడు గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ పిచికారీ చేయండి. మొక్కలను పైకి కట్టిన దారాలు బిగుసుకుని కాండాన్ని కోసిన చోట్లు తప్పక చూడండి. షీటు మీది ఎర్రదుమ్ము కడిగితేనే మొక్కకు వెలుతురు అందుతుంది.

గాలి అడ్డు చెట్ల గురించి చివర్లో అడిగారు. జూన్ వానలకు నాటండి. పడమట, దక్షిణాన రెండు వరసల సరుగుడు గాని, అవిశ గాని వేస్తే వాటి ఎత్తుకు కనీసం పది రెట్ల దూరం వరకు గాలి నెమ్మదిస్తుంది. కొంత గాలి దూరిపోయే వరస కావాలి. రేకులతో గట్టిగా మూసిన గోడ గాలిని పైకి ఎగరేసి వెనక సుడులు తిప్పుతుంది. చెట్టు పూర్తిగా పెరిగాక ఉండే ఎత్తంత దూరమైనా పాలీహౌస్‌కు వదలండి, పడినా షీటు మీద పడకూడదు.

రేపు మూల స్తంభాల దగ్గర తవ్వినప్పుడు పైపు ఎంత లోతు దిగి ఉంది, కాంక్రీటు ఎంత వెడల్పు ఉంది, తుప్పు ఎక్కడ ఉంది, ఈ మూడూ కొలిచి మధ్యాహ్నంలోపు ఇక్కడే రాయండి. ఎన్ని లంగరు తాళ్లు, ఏ స్తంభాలకు వేయాలో వెంటనే చెబుతాను.